గోల్డ్ క్యాప్సూలూ అసిట్రోమ్ బిళ్లా ఒకే డబ్బాలో ఉంటే

నెల్లూరు పొగతోట మందుల షాపుల్లో పెద్దవాళ్లు చీటీ చేతికిస్తూ తరచూ అనే మాట: "గుండె బిళ్లలు, రక్తం పల్చబడే బిళ్లలు ఒక నెలకు ఇవ్వు నాయనా." చీటీ చేతిలో ఉంది కాబట్టి షాపు కుర్రాడికి ఇబ్బందేమీ లేదు. చీటీ లేకుండా అదే మాట పళ్ల డాక్టరుకో, ఊళ్లో ఆర్‌ఎంపీకో చెప్పినప్పుడు చిక్కు మొదలవుతుంది. రక్తం పల్చబడే బిళ్ల అన్న ఒక్క పేరు కింద రెండు వేర్వేరు జాతుల మందులు చలామణీ అవుతున్నాయి. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ ఆ రెండిటితో ఒకే తీరుగా మెలగదు.

అసలు ఈ మందులేవీ రక్తాన్ని మజ్జిగలా పల్చన చెయ్యవు. గడ్డ కట్టే పనిని నెమ్మదింపజేస్తాయి, అంతే. మొదటి జాతి ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కోకుండా చూస్తుంది. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, టికాగ్రెలర్, ప్రాసుగ్రెల్ ఈ కోవలోవి. స్టెంటు వేయించుకున్నవాళ్ల చీటీలో ఉండేవి ఇవే. రెండో జాతి రక్తంలో గడ్డ కట్టించే ప్రొటీన్ల మీద పనిచేస్తుంది. వాల్వు మార్పించుకున్నవాళ్లు, గుండె లయ తప్పినవాళ్లు, కాలి సిరలో గడ్డ కట్టినవాళ్లు వేసుకునేది ఇది. వార్ఫరిన్, అసినోకౌమరాల్ పాతకాపులు. మన వైపు అసినోకౌమరాల్‌ను అసిట్రోమ్ అంటే తప్ప చాలామంది గుర్తుపట్టరు. డాబిగట్రాన్, రివరాక్సబాన్, అపిక్సబాన్ కొత్తగా వచ్చినవి.

కాబట్టి "స్టాటిన్‌తో రక్తం పల్చబడే మందు పడుతుందా?" అని అడిగితే, ఏ స్టాటిన్, ఏ పల్చబడే మందు అని ఎదురు అడగాల్సిందే. మొత్తం మీద ఈ రెండూ బద్ధశత్రువులు కావు. గుండెజబ్బు ఉన్న లక్షలాదిమంది రెండూ కలిపే వేసుకుంటున్నారు, వేసుకోవాలి కూడా. గొడవ వచ్చేదల్లా మార్పు దగ్గర: కొత్తగా మొదలుపెట్టినప్పుడు, డోసు పెంచినప్పుడు, ఒక స్టాటిన్ తీసి ఇంకొకటి రాసినప్పుడు, లేదా పిలవని పేరంటంలా మూడో మందు వచ్చి చేరినప్పుడు.

మందుల్ని కరిగించి బయటికి పంపే పని ఎక్కువగా లివర్‌లోని ఎంజైములది. టంగుటూరు టోల్‌గేటు దగ్గర వరసగా ఉండే బూత్‌లను తలచుకుంటే ఇది సులువుగా అర్థమవుతుంది. వార్ఫరిన్‌లో బలమైన భాగం, అసినోకౌమరాల్‌లో చాలా భాగం సీవైపీ 2సీ9 అనే బూత్ గుండా పోతాయి. సిమ్వాస్టాటిన్, అటార్వాస్టాటిన్ సీవైపీ 3ఏ4 అనే వేరే బూత్‌కి వెళతాయి. దారులు వేరు కాబట్టే అటార్వాస్టాటిన్ వల్ల వార్ఫరిన్ లెక్క పెద్దగా చెదరదు. సిమ్వాస్టాటిన్ మాత్రం కొద్దిగా కదుపుతుంది. దాని లేబుల్‌లోనే ఉన్న అంకెలు ఇవి: ఆరోగ్యవంతుల్లో గడ్డ కట్టే ఆలస్యాన్ని చెప్పే ఐఎన్‌ఆర్ 1.7 నుంచి 1.8కి, కొలెస్ట్రాల్ రోగుల్లో 2.6 నుంచి 3.4కి పెరిగింది. ఫ్లూవాస్టాటిన్ ఏకంగా 2సీ9 బూత్‌నే అడ్డగిస్తుంది. కాకపోతే అది మన చీటీల్లో అరుదు. రోసువాస్టాటిన్ సంగతి విచిత్రం. అది ఈ బూత్‌లను పెద్దగా వాడుకోదు, చాలావరకు మారకుండానే బయటికి పోతుంది. అయినా వార్ఫరిన్ వేసుకునేవారిలో ఐఎన్‌ఆర్‌ను గుర్తించదగినంతగా పెంచుతుంది. మొదలుపెట్టే ముందు ఒకసారి, తర్వాత తొలి రోజుల్లో తరచుగా ఐఎన్‌ఆర్ చూడాలని దాని లేబుల్ స్పష్టంగా చెబుతుంది.

ఇక్కడే ఒక అపోహ తీరిపోవాలి. "పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేసుకుంటే రెండూ తగులుకోవు కదా" అంటుంటారు. తగులుకునేది కడుపులో కాదు. లివర్‌లో బూత్ దగ్గర వరస రోజంతా ఉంటుంది. రెండు గంటల ఎడం, పన్నెండు గంటల ఎడం ఇచ్చినా వరస కరగదు. వేళలకు వేరే కారణాలున్నాయి. సిమ్వాస్టాటిన్ రాత్రి వేసుకుంటే బాగా పనిచేస్తుంది. అటార్వా, రోసువా ఎప్పుడైనా ఒకటే. అసిట్రోమ్‌ను సాయంత్రం పెట్టేది, పొద్దున ఐఎన్‌ఆర్ ఇచ్చి మధ్యాహ్నానికి రిపోర్టు వస్తే ఆ రాత్రి డోసునే సరిచెయ్యడానికి.

ఐఎన్‌ఆర్ అంటే రక్తం గడ్డ కట్టడానికి ఎంత ఆలస్యమవుతోందో చెప్పే అంకె. మందు లేనివారికి సుమారు 1 ఉంటుంది. గుండె లయ తప్పినవారికి, సిరలో గడ్డ ఉన్నవారికి 2 నుంచి 3 మధ్య ఉండాలి. మైట్రల్ స్థానంలో (గుండె ఎడమవైపు రెండు గదుల మధ్య) లోహపు వాల్వు ఉన్నవారికి 2.5 నుంచి 3.5 మధ్య. 3.4 దగ్గర నడుస్తున్న వాల్వు రోగికి రోసువా మొదలుపెట్టి నెల దాకా పరీక్ష చెయ్యకపోతే, అంకె ఎక్కడికి పోయిందో చిగుళ్ల రక్తమే మొదట చెబుతుంది. మొదలుపెట్టిన వారానికి ఒకసారి, అంకె నిలకడపడేదాకా వారం వారం చూపించుకుంటే చాలావరకు ఈ గండం గడుస్తుంది. స్టాటిన్ ఆపేసినప్పుడూ ఇదే వర్తిస్తుంది. పైకి నెట్టే చెయ్యి తీసేస్తే అంకె కిందికి జారుతుంది, వాల్వు మీద గడ్డ కట్టే భయం మొదలవుతుంది. పెరిగినప్పుడు రక్తం కనబడుతుంది, తగ్గినప్పుడు ఏమీ కనబడదు. అందుకే తగ్గడం మరింత మోసకారి.

చెన్నైలోనో తిరుపతిలోనో వాల్వు మార్పించుకుని ఊరికి తిరిగొచ్చినవారిలో ఇంకో పొరపాటు కనిపిస్తుంది. డోసును మిల్లీగ్రాముల్లో కాకుండా బిళ్లల్లో గుర్తుపెట్టుకుంటారు. "ఒకటిన్నర" అంటారు. అసిట్రోమ్ 1, 2, 3, 4 ఎంజీల్లో దొరుకుతుంది. 2 ఎంజీ బిళ్ల ఒకటిన్నర అంటే 3 ఎంజీ. ఆ రోజు షాపులో 2 లేదని 4 ఎంజీ స్ట్రిప్ ఇచ్చారనుకోండి, అదే ఒకటిన్నర 6 ఎంజీ అయిపోతుంది. 1 ఎంజీ ఇస్తే సగానికి పడిపోతుంది. ఇంతలో కొలెస్ట్రాల్ మందు కూడా మారి ఉంటే, ఐఎన్‌ఆర్ ఎందుకు చెదిరిందో డాక్టరుకు సైతం తేల్చుకోవడం కష్టం. నేరం స్టాటిన్ మీద పడుతుంది, తప్పు బిళ్ల సైజుది.

స్టెంటు వైపు కథ వేరు. అక్కడ ఐఎన్‌ఆర్ అక్కర్లేదు, ఆస్పిరిన్‌కీ స్టాటిన్‌కీ పేచీ లేదు. క్లోపిడోగ్రెల్ లివర్‌లో మారాకే మందుగా పనిచేస్తుంది. అటార్వాస్టాటిన్ ఆ మార్పును అడ్డుకుంటుందేమోనని 2003 ప్రాంతంలో ఒక అలజడి లేచింది. తర్వాతి పెద్ద పరిశీలనల్లో రోగులకు దానివల్ల నష్టం కనబడలేదు. క్లోపిడోగ్రెల్‌ను నిజంగా బలహీనపరిచేది గ్యాస్ బిళ్ల: ఒమెప్రజోల్, ఎసోమెప్రజోల్. పాంటాప్రజోల్‌తో ఆ ఇబ్బంది తక్కువ. స్టాటిన్‌కి భయపడి మానేసి, ఒమెప్రజోల్ పొద్దున్నే చప్పరించేవాళ్లను చూస్తే ఎలుక ఎక్కడో బోను ఎక్కడో అనిపిస్తుంది. ఎదురు దిశలో మాత్రం ఒక ప్రభావం ఉంది. క్లోపిడోగ్రెల్ రోజువారీ 75 ఎంజీ మోతాదులోనే రక్తంలో రోసువాస్టాటిన్‌ను ఇంచుమించు ఒకటిన్నర రెట్లకు, 300 ఎంజీ మోతాదులో రెండు రెట్లకు పెంచుతుంది. అసలే ఆసియా జనంలో రోసువా నిలవ రెట్టింపు ఉంటుందని 5 ఎంజీతో మొదలుపెట్టమంటారు. టికాగ్రెలర్‌తో సిమ్వాస్టాటిన్ 40 ఎంజీ దాటకూడదు. టికాగ్రెలర్, రోసువా కలిసి వృద్ధుల్లో, కిడ్నీ దెబ్బతిన్నవారిలో కండరాలు కరిగిపోయిన కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి.

ఇప్పుడు గోల్డ్ సంగతి. ఎకోస్ప్రిన్ ఏవీ 75/20 అంటే ఆస్పిరిన్ 75, అటార్వాస్టాటిన్ 20. ఎకోస్ప్రిన్ గోల్డ్ 20 అంటే ఆ రెండూ, పైన క్లోపిడోగ్రెల్ 75. ఇలాంటి మూడు మందుల క్యాప్సూళ్లకు ఇతర బ్రాండ్లు కూడా గోల్డ్ అనే తోక తగిలించాయి. కొన్నిటిలో అటార్వాకు బదులు రోసువా ఉంటుంది. ఒక క్యాప్సూల్‌తో మూడు పనులు, మర్చిపోవడం తక్కువ, ఖర్చు తక్కువ. నెలనెలా మందులకు లెక్క చూసుకునే ఇంట్లో అది చిన్న మేలు కాదు. అయితే ముడి వేసిన మూడిటిలో ఒకటి తీసెయ్యాల్సి వచ్చినప్పుడు కత్తెరకు చోటు ఉండదు.

నాలుగేళ్లుగా గుండె లయ తప్పి అసిట్రోమ్ వేసుకుంటున్న మనిషికి ఉన్నట్టుండి గుండెపోటు వచ్చి స్టెంటు పడిందనుకుందాం. డిశ్చార్జిలో గోల్డ్ రాస్తారు. పాత అసిట్రోమ్ కొనసాగుతుంది. అంటే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, అసినోకౌమరాల్ మూడూ ఒకేసారి. ఈ త్రయం మామూలుగా వారం నుంచి నెల దాకా మాత్రమే. ఆ తర్వాత ఆస్పిరిన్ తీసేసి, గడ్డమందుతో (అసిట్రోమ్ లాంటి రెండో జాతి మందుతో) క్లోపిడోగ్రెల్ ఒక్కటి ఏడాది వరకు నడిపి, ఆపైన గడ్డమందు ఒక్కటే ఉంచడం నేటి పద్ధతి. కానీ ఆస్పిరిన్ గోల్డ్ లోపల ఉంది. చీటీ తిరగరాయకపోతే త్రయం నెలలు నెలలు సాగిపోతుంది, ఒకరోజు తారులాంటి నల్లని విరేచనంతో బయటపడుతుంది. ఎవరైనా "ఆస్పిరిన్ ఆపండి" అంటే రోగి క్యాప్సూల్ మొత్తం ఆపేస్తాడు. క్లోపిడోగ్రెల్ పోతుంది, స్టాటిన్ పోతుంది. స్టెంటు పడి మూడు నెలలైనా కాకముందే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ పోతే స్టెంటు మూసుకుపోయే ప్రమాదం ఉంది. క్యాప్సూల్ ఆపమని ఎవరు చెప్పినా, లోపలి మూడిటిలో ఏది ఆగాలి, మిగతా రెండు ఏ బిళ్లలుగా వేసుకోవాలి అని అక్కడికక్కడే అడగాలి.

ఇంకో రకం చిక్కు: ఒక ఆసుపత్రి గోల్డ్ రాస్తుంది, ఒంగోలులో మరో డాక్టరు వేరే చీటీలో ఎకోస్ప్రిన్ ఏవీ రాస్తారు. రెండిటి పేర్లూ వేరు కాబట్టి రెండూ డబ్బాలో పడతాయి. ఆస్పిరిన్ రెట్టింపు, అటార్వా రెట్టింపు. పేరు చివర "ఎఫ్" కనిపిస్తే అందులో ఫెనోఫైబ్రేట్ ఉండొచ్చు. ట్రైగ్లిజరైడ్లు ఎక్కువున్నవారికి స్టాటిన్‌తో కలిపి ఇస్తారు. వార్ఫరిన్ ప్రభావాన్ని స్టాటిన్ కన్నా ఫెనోఫైబ్రేటే ఎక్కువగా పెంచుతుంది. అసిట్రోమ్ వేసుకునేవారు ఆ ఒక్క అక్షరం చూసుకోవాలి.

కొత్త మందుల్లో అపిక్సబాన్, రివరాక్సబాన్ అటార్వా, రోసువాలతో మామూలుగా సర్దుకుంటాయి. డాబిగట్రాన్ విషయంలో ఒక మినహాయింపు ఉంది. కెనడాలోని ఒంటారియోలో డాబిగట్రాన్ వాడే వృద్ధుల రికార్డులను పరిశీలించి 2017లో ప్రచురించిన పరిశోధనలో, సిమ్వాస్టాటిన్ లేదా లోవాస్టాటిన్ కలిసినవారిలో ఇతర స్టాటిన్లు వాడినవారికన్నా పెద్ద రక్తస్రావాలు ఎక్కువ కనిపించాయి. పేగు గోడలో డాబిగట్రాన్‌ను వెనక్కి నెట్టే పంపును ఆ రెండు స్టాటిన్లు బలహీనం చేస్తాయి. స్టాటిన్ మార్చుకుంటే సరిపోతుంది. ఇక ఐఎన్‌ఆర్ బెడద లేదు కదా అని వాల్వు రోగులు కొత్త మందులకు మారిపోవాలనుకోవడం తప్పు. లోహపు వాల్వుకు వార్ఫరిన్ జాతి తప్ప దారి లేదు. చిన్నప్పటి కీళ్లవాతపు జ్వరం వల్ల వాల్వు సన్నబడి గుండె లయ తప్పినవారిలోనూ రివరాక్సబాన్ కన్నా పాత మందే మెరుగని 2022లో వెలువడిన అంతర్జాతీయ అధ్యయనం తేల్చింది.

కిడ్నీని మర్చిపోతే ఈ లెక్కలన్నీ తారుమారవుతాయి. కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్ల చరిత్ర, కిడ్నీ జబ్బులు కొత్త విషయం కాదు. డాబిగట్రాన్‌లో దాదాపు 80 శాతం కిడ్నీల గుండానే పోవాలి. కిడ్నీ బాగా దెబ్బతిన్నవారికి రోసువా 10 ఎంజీ దాటకూడదు. అటార్వాకు ఈ బాధ లేదు. మే నెల ఎండలో చీమకుర్తి క్వారీల్లోనో, పొగాకు బ్యారన్ దగ్గరో రోజంతా చెమటోడ్చి నీళ్లు చాలక, కిడ్నీ మందగించిందని చెప్పే క్రియాటినిన్ పెరిగితే, నిన్నటిదాకా సరిపోయిన డోసే ఎక్కువైపోతుంది.

మూడో మందు అనుకున్నది చాలాసార్లు చిన్న జబ్బు కోసం వస్తుంది. విరేచనాలకు మెట్రోనిడజోల్, మూత్రపు మంటకు కోట్రైమోక్సజోల్, తామరకు ఫ్లూకొనజోల్. ఈ మూడూ 2సీ9 బూత్‌ను మూసేసి అసిట్రోమ్, వార్ఫరిన్ ఐఎన్‌ఆర్‌ను ఎగదోస్తాయి. దగ్గుకిచ్చే క్లారిత్రోమైసిన్ రెండో వైపు దెబ్బ కొడుతుంది. అది 3ఏ4ను మూస్తుంది, సిమ్వాస్టాటిన్‌తో నిషిద్ధం, అటార్వాతోనూ జాగ్రత్త. అజిత్రోమైసిన్ స్టాటిన్‌తో పెద్దగా తగువు పెట్టుకోదు. గుండె లయకిచ్చే అమియోడరోన్ రెండు బూత్‌లనూ నొక్కుతుంది. వార్ఫరిన్ డోసు తగ్గించక తప్పదు, సిమ్వా 20 ఎంజీ మించకూడదు. క్షయకిచ్చే రిఫాంపిసిన్ దీనికి పూర్తిగా తలకిందులు, బూత్‌లను రెట్టించి తెరుస్తుంది. ఐఎన్‌ఆర్ కుప్పకూలుతుంది, అటార్వా పనిచెయ్యడం మానుతుంది. ఒళ్లు నొప్పులకు డైక్లోఫెనాక్ అసలే వద్దు, గడ్డమందు వేసుకునేవారి కండలోకి సూది అంతకన్నా వద్దు. అక్కడే లోపల రక్తం నిలిచి పెద్ద గడ్డ కడుతుంది. పారాసిటమాల్ మంచిదే. కానీ రోజుకు 2 గ్రాములు మించి, అదీ వరసగా కొన్ని రోజులు వాడితే అదీ ఐఎన్‌ఆర్‌ను పెంచుతుంది.

తిండి సంగతికొస్తే, ఆకుకూర శత్రువు అని చెప్పడం తప్పు. తోటకూర, పాలకూర, మునగాకుల్లో విటమిన్ కె ఉంటుంది. అసిట్రోమ్ అడ్డుకునేది దాని పనినే. వారానికి ఇన్నిసార్లు అని ఒకే తీరుగా తింటే డోసు దానికి సర్దుకుంటుంది. అయ్యప్ప మాలలో 41 రోజులు చేపల పులుసు మానేసి పూటపూటా ఆకుకూర పప్పు తింటే ఐఎన్‌ఆర్ పడిపోవచ్చు. కార్తీక ఉపవాసాల్లో తిండి తగ్గితే పెరగవచ్చు. చుట్ట మానేసినా కొద్దిగా పెరుగుతుంది. మానడం మంచిదే, పరీక్ష ఒకటి ముందుకు జరపాలి. చారులో పిండుకునే నెల్లూరు నిమ్మకాయతో భయం లేదు. గ్రేప్‌ఫ్రూట్ రసం మాత్రం సిమ్వాను, ఎక్కువ తాగితే అటార్వాను పెంచుతుంది.

నొప్పి వచ్చినప్పుడు రెండు మందుల లక్షణాలూ ఒకేలా కనబడి తికమకపెడతాయి. స్టాటిన్ వల్ల వచ్చే నొప్పి సాధారణంగా రెండు వైపులా ఉంటుంది. తొడలు, పిరుదులు, భుజాలు బరువెక్కి, పీట మీంచి లేవడం కష్టమవుతుంది. రోజుల తరబడి మెల్లగా ముదురుతుంది. గడ్డమందు వల్ల కండలో రక్తం చేరితే ఒకే వైపు, ఉన్నట్టుండి, వాపుతో వస్తుంది. తర్వాత చర్మం మీద నల్లగా కమిలిన మచ్చ దిగుతుంది. మూత్రం రంగు మారితే ఇంకా జాగ్రత్త. ఎర్రగా, గులాబీగా ఉంటే రక్తం. డికాక్షన్ రంగులో ముదురుగా ఉంటే కండరం కరిగి దిగుతోందని అనుమానించాలి. ల్యాబులో దీన్ని తేల్చే చిన్న కిటుకు ఉంది. మూత్రంలో ముంచిన పట్టీ రక్తం ఉన్నట్టు చూపించి, సూక్ష్మదర్శిని కింద ఎర్రకణాలు కనబడకపోతే అది కండరపు రంగుపదార్థం. అప్పుడు కండరం ఎంత దెబ్బతిందో చెప్పే సీపీకే రక్తపరీక్ష చేయించాలి. మామూలు పరిమితికి పది రెట్లు దాటితే స్టాటిన్ వెంటనే ఆపి, ఆసుపత్రిలో కిడ్నీని కాపాడుకోవాలి. సీపీకే మామూలుగా ఉండి నొప్పి మాత్రమే ఉంటే డోసు తగ్గించడమో వేరే స్టాటిన్‌కు మారడమో సరిపోతుంది. కొత్త స్టాటిన్‌కు మారిన రోజు నుంచి అసిట్రోమ్ రోగికి మళ్లీ వారం వారం ఐఎన్‌ఆర్ మొదలు.

తలకు దెబ్బ తగిలితే పైకి రక్తం కనబడకపోయినా గడ్డమందు రోగికి స్కాన్ కావాలి. ఐఎన్‌ఆర్ 5 వచ్చి రక్తస్రావం ఏమీ లేకపోతే సాధారణంగా ఒకటి రెండు డోసులు ఆపి మళ్లీ పరీక్ష చేస్తారు. అప్పుడు స్టాటిన్‌ను కూడా ఆపేసుకోవడం రోగి సొంత తెలివి, దాంతో తర్వాతి అంకె మరీ కిందికి పోతుంది.

డాక్టరు దగ్గరికి చీటీకన్నా స్ట్రిప్‌లే తీసుకెళ్లడం మేలు. అయితే మన షాపుల్లో పది బిళ్లలు అడిగితే స్ట్రిప్ కోసి ఇస్తారు, పేరూ ఎంజీ ఉన్న ముక్క షాపులోనే ఉండిపోతుంది. చేతికొచ్చింది వెండి రేకులో తెల్ల బిళ్లలు, ఏదైనా కావచ్చు. కోయాల్సి వస్తే పేరు, ఎంజీ, గడువు తేదీ ఉన్న వైపు మనకు వచ్చేలా కోయమనాలి. అది కుదరకపోతే పేరున్న రేకును ఫోనులో ఫొటో తీసుకుని, ఐఎన్‌ఆర్ పుస్తకంలో ఆ తేదీ పక్కన బిళ్ల పేరు, ఎంజీ రాసుకోవాలి.